బురదలో ఎండాకాలం గడిపిన ప్రాణి: నినుంబీహాన్ డూకూడూకా

నినుంబీహాన్ డూకూడూకా దాదాపు 23 కోట్ల సంవత్సరాల కిందట, ట్రయాసిక్ యుగం చివరి భాగంలో బతికి అంతరించిపోయిన ఉభయచరం. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో డూబోయిస్ అనే చిన్న ఊరికి దగ్గర్లో, ఎరుపు, ఊదా రంగుల పొరలున్న రాళ్లలో దీని శిలాజాలు బయటపడ్డాయి. 2024 అక్టోబరు చివర్లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన పరిశోధన వ్యాసం దీన్ని లోకానికి పరిచయం చేసింది. దీని ప్రత్యేకత రెండు విషయాల్లో ఉంది. మొదటిది, వర్షాలు లేని నెలల్లో నది అడుగు బురదలో బొరియ తవ్వుకుని అందులోనే ముడుచుకుని ఉండేది. ఆ బొరియలోనే చనిపోయినవి ఇప్పటిదాకా అక్కడే ఉండిపోయాయి. రెండోది దాని పేరు. గ్రీకు, లాటిన్ మాటలను అతికించి పేరు పెట్టే పాత అలవాటును పక్కనపెట్టి, ఆ నేల మీద తరతరాలుగా ఉంటున్న షోషోనీ జాతివారే తమ భాషలో దానికి పేరు పెట్టారు.

ఈ శిలాజాలు దొరికిన రాతి పొరల వరుసకు పోపో ఏజీ అని పేరు. రాసిన అక్షరాలు అలా ఉన్నా అక్కడివాళ్లు దాన్ని దాదాపు ‘పొపోజ’ అని పలుకుతారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర మ్యూజియంలో పనిచేసే డేవిడ్ లవ్‌లేస్ 2014లో ఆ కొండచరియల్లో తిరుగుతూ గొట్టాల ఆకారంలో ఉన్న విచిత్రమైన రాళ్లను గమనించాడు. చుట్టూ ఉన్న రాయి ఒక రకం, గొట్టంలో నిండిన రాయి మరో రకం. ఒకప్పుడు బురదలో ఏదో జీవి తవ్విన బొరియ, తర్వాత వరద మట్టి వచ్చి పూడిపోయి, కాలక్రమంలో రాయిగా మారితే ఇలాంటి రూపమే మిగులుతుంది. కృష్ణా డెల్టాలోని కృత్తివెన్ను తీరంలో చెరువు గట్ల మీద పీతల బొరియలు చూసి పెరిగినవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

బొరియ ఉన్నంత మాత్రాన తవ్వింది ఎవరో తెలిసిపోదు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోని ఇదే కాలపు రాళ్లలో ఇలాంటి గొట్టాలు అంతకుముందే దొరికాయి. వాటిని ఊపిరితిత్తుల చేపలు తవ్వాయని కొందరు, మంచినీటి రొయ్యల వంటి జీవులు తవ్వాయని మరికొందరు 1990లలోనే వాదించుకున్నారు. గొట్టం బయటి గీతలు, లావు, వంపు చూసి చెప్పే మాటలకు అంతకుమించి బలం ఉండదు. డూబోయిస్ దగ్గర మాత్రం ఒక గొట్టం విరిగినప్పుడు లోపల చిన్న పుర్రె కనిపించింది. దాంతో వాదనకు చోటు లేకుండా పోయింది. పరిశోధకులు తర్వాత ఏళ్లలో దాదాపు 80 బొరియలను సేకరించారు. వాటిలో చాలావాటి లోపల ఎముకలున్నాయి. రాయిని పగలగొడితే లోపలి సున్నితమైన ఎముక కూడా పొడైపోతుంది కాబట్టి, ఆసుపత్రుల్లో తీసే సీటీ స్కాన్ లాంటి పద్ధతితోనే, అంతకంటే శక్తిమంతమైన యంత్రాలు వాడి, రాయిని ముట్టుకోకుండా లోపలున్నదాన్ని కంప్యూటర్ తెర మీదకు తెచ్చారు. ఈ పనికి నాయకత్వం వహించింది చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంకు చెందిన కాల్విన్ సో.

స్కాన్‌లలో కనిపించిన జీవి మరీ చిన్నదేమీ కాదు, పెద్దదీ కాదు. పుర్రె పొడవు ఒక అంగుళం ప్రాంతం. ఒళ్లంతా కలిపి అడుగు దాకా ఉండవచ్చని అంచనా. తల ముందుభాగం గుండ్రంగా, మట్టిని నెట్టడానికి అనువుగా ఉంది. దవడ అంచున సన్నని, కొస వంపు తిరిగిన పళ్లు వరుసగా ఉన్నాయి. ముందు కాళ్లు మాత్రం బలహీనమైనవి, శరీరానికి తగినంత ఎదగనివి. అలాంటి కాళ్లతో గట్టి మట్టి తవ్వడం కుదరదు. అందుకే ఇది తలతోనే బురదను పొడుచుకుంటూ లోపలికి దిగేదని పరిశోధకులు తేల్చారు. వర్గీకరణలో ఇది టెమ్నోస్పాండిల్స్ అనే పెద్ద పురాతన ఉభయచర సమూహానికి చెందుతుంది. ఆ సమూహంలో మొసలి అంతటివి కూడా ఉండేవి. అంత పెద్ద బంధువుల మధ్య ఈ అడుగు పొడవు జీవి ఎలా నెగ్గుకొచ్చిందో అర్థం కావాలంటే ఆనాటి వాతావరణం తెలియాలి.

ఇప్పుడు వయోమింగ్ చలి ప్రాంతం, మంచు కురిసే చోటు. 23 కోట్ల ఏళ్ల కిందట ఆ నేల భూమధ్యరేఖకు చాలా దగ్గర్లో ఉండేది. అప్పటికి ఖండాలు విడిపోలేదు. అన్నీ కలిసి పాంజియా అనే ఒకే మహాఖండంగా భూమధ్యరేఖకు ఇరువైపులా పరచుకుని ఉండేవి. రుతుపవనాలు పుట్టేది నేల, సముద్రం వేడెక్కే తీరులోని తేడా వల్లే. వేసవిలో నేల త్వరగా కాగిపోతుంది, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది తేమగాలి వస్తుంది. మనకు జూన్‌లో నైరుతి గాలి వచ్చే కారణం ఇదే. భూమి మీద ఉన్న నేలంతా ఒక్కచోట పోగైతే ఈ తేడా ఎంత తీవ్రంగా ఉంటుందో ఊహించవచ్చు. అందుకే ఆనాటి వానలను శాస్త్రవేత్తలు మహా రుతుపవనాలు అంటారు. వాన కాలంలో నదులు ఉప్పొంగేవి. మిగతా నెలల్లో ఆ నదులే ఎండి, అడుగు నెర్రెలు విచ్చేది.

ఉభయచరానికి ఇలాంటి చోటు ప్రాణాంతకం. దాని చర్మం పలచన. అందులోంచి నీరు లోపలికీ వస్తుంది, బయటికీ పోతుంది. ఎండలో కొన్ని గంటలు ఉంటే చాలు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. పక్షిలా ఎగిరిపోలేదు, పెద్ద జంతువులా కోసుల దూరం నడిచి మరో నీటి మడుగు వెతుక్కోలేదు. మిగిలిన దారి కిందికి దిగడమే. నేల పైభాగం మండిపోతున్నా జానెడు, మూరెడు లోతున తేమ ఉంటుంది. అక్కడికి చేరి, గుండె కొట్టుకునే వేగం, ఊపిరి, ఒంట్లో శక్తి ఖర్చు అన్నీ తగ్గించుకుని వాన వచ్చేదాకా కదలకుండా పడి ఉంటే బతకవచ్చు. చలికి భయపడి నిద్రపోయే జంతువుల సంగతి అందరికీ తెలుసు. ఎండకు భయపడి పోయే ఈ నిద్రను పాఠ్యపుస్తకాలు గ్రీష్మకాల సుప్తావస్థ అంటాయి.

దీన్ని చూడటానికి ట్రయాసిక్ యుగం దాకా పోనక్కర్లేదు. కృష్ణా డెల్టాలో ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. రోహిణి కార్తె నాటికి గుడివాడ వైపు నల్లరేగడి చేలు కాలు దూరేటంత నెర్రెలిస్తాయి. ఆ చేలో ఒక్క కప్ప కూడా కనపడదు. తొలకరి పడి నాలుగు గంటలు గడిచేసరికి ఎక్కడినుంచి వచ్చాయో తెలియనట్టు బెకబెకలతో చేలు మారుమోగిపోతాయి. వానతోపాటు కప్పలు ఆకాశం నుంచి పడ్డాయనుకున్న రోజులూ ఉన్నాయి. అవి వచ్చింది కాళ్ల కింద నుంచే. దక్షిణ భారతమంతటా ఉండే బొద్దు కప్పల్లో కొన్నిటికి ఈ పనికోసమే ప్రత్యేకమైన అవయవం ఉంది. వెనక పాదం మడమ దగ్గర, లోపలి వైపున, చర్మం గట్టిపడి అంచు తేలిన బొడిపె ఒకటి పొడుచుకొస్తుంది. కప్ప రెండు వెనక పాదాలనూ మార్చి మార్చి పక్కకు తోస్తూ ఆ అంచుతో మట్టిని గీకుతుంది. ముఖం పైకే ఉంటుంది, ఒళ్లు మాత్రం గిర్రున తిరుగుతూ వెనక్కి దిగిపోతుంది. కొన్ని నిమిషాల్లో నేల మీద కదిలిన మట్టి తప్ప ఏమీ మిగలదు. వయోమింగ్ జీవి తలతో దిగితే మన కప్ప తోకలేని వెనకభాగంతో దిగుతుంది. అవసరం ఒకటే, పద్ధతి వేరు. డెల్టాలో ఈ విద్య కప్పలకే పరిమితం కాదు. నీరింకిన గుంటల్లో కొరమీను కూడా తడి బురదలోకి దూరి రోజుల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. దాని తలలో మొప్పల పైన ఉండే గది గాలిని నేరుగా పీల్చుకోనిస్తుంది కాబట్టి అది సాధ్యం.

సముద్రం ఒడ్డుకు వచ్చేకొద్దీ కథ మారుతుంది. ఉప్పుటేరు పక్కన, కృత్తివెన్ను చుట్టుపక్కల నేలల్లో ఉప్పు ఎక్కువ. కప్ప ఉప్పు మట్టిలో దాక్కుంటే తేమ దొరకడానికి బదులు ఆ మట్టే దాని చర్మంలోంచి నీటిని బయటికి లాగేసుకుంటుంది. అందుకే బొరియ కప్పలకు మంచినీటి చేలే అనువు, ఉప్పు నేలలో బొరియలు పీతలవి. బొరియ ఎవరిదో తేల్చడానికి మట్టి గుణం కూడా సాక్ష్యమిస్తుందన్నమాట. పోపో ఏజీ బొరియలు నది అడుగు మట్టిలో ఉండటం, ఎండి తడిసిన గుర్తులు ఆ పొరల్లో కనపడటం వల్లే, ఆ జీవి అక్కడ చేరింది ఎండ నుంచి తప్పించుకోవడానికేనని చెప్పగలిగారు. నిద్రలోకి వెళ్లినవన్నీ లేవలేదు. వాన ఆలస్యమైనా, నది దారి మార్చుకున్నా పడుకున్న చోటే ప్రాణం పోతుంది. అలా పోయినవే మ్యూజియంకు చేరాయి; లేచి బయటపడ్డవాటి ఎముకలు ఎక్కడో వరదలో చెల్లాచెదురై ఉంటాయి. శిలాజాల చరిత్ర సాధారణంగా విఫలమైనవాళ్లే రాసిపెడతారు.

ఇక పేరు. డూబోయిస్‌కు తూర్పున విండ్ రివర్ రిజర్వేషన్ ఉంది. 1868 ఒప్పందంతో ఏర్పడిన ఈ ప్రాంతంలో తూర్పు షోషోనీలు, ఉత్తర అరాపహోలు నివసిస్తారు. శిలాజాలు దొరికిన నేల ఒకప్పుడు షోషోనీల పూర్వీకులు తిరిగిన చోటే. లవ్‌లేస్ బృందం ఫోర్ట్ వాషకీ పాఠశాలతో కలిసి పనిచేసింది. పిల్లలను శిలాజాల దగ్గరకు తీసుకెళ్లారు. ఏడో తరగతి విద్యార్థులు, జాతి పెద్దలు కలిసి పేరును ఎంచారు. షోషోనీ భాష కోసం పాటుపడుతున్న పెద్దావిడ రీబా టెరాన్, ఫోర్ట్ వాషకీ పాఠశాలకు చెందిన అమాండా లెక్లేర్-డయాజ్ పరిశోధన వ్యాసానికి సహరచయితలు కూడా. కృతజ్ఞతల్లో ఒక వాక్యం రాసి వదిలేయకుండా రచయితల జాబితాలోనే చేర్చడం మామూలుగా జరిగే పని కాదు.

షోషోనీ కథల్లో పర్వతాల్లో ‘నినుంబీ’ అనే చిన్న మనుషులు ఉంటారు. ఆ మాట చివర చేరిన ‘హాన్’ ఫలానావారిది అని చెప్పే ప్రత్యయం. తెలుగులో ‘చిన్నవారి’ అన్నప్పుడు చివర వచ్చే మార్పు చేసే పనినే అది చేస్తుంది. ‘డూకూ’ అంటే మాంసం, ‘డూకా’ అంటే తినేది. మొత్తం కలిపితే ‘చిన్న మనుషుల మాంసాహారి’ అవుతుంది. చిన్న మనుషులను తినేది అని కాదు, చిన్న మనుషులకు చెందిన మాంసాహారి అని. మాంసాహారి అనడం ఆ సన్నని వాడి పళ్లను చూసే. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి పేరు ఏ భాష నుంచి వచ్చినా ఒప్పుకుంటుంది. రోమన్ అక్షరాల్లో రాయాలన్నదే షరతు. కాబట్టి గ్రీకు, లాటిన్ అలవాటే తప్ప చట్టం కాదు. చాలాకాలం ఆ అలవాటు ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, ఎముక ఎవరి ఊళ్లో దొరికినా పేరు మాత్రం ఐరోపా పండితుల పుస్తకాల్లోంచి రావలసిందే. ఈ జీవి పేరు పలకడానికి కొంచెం కష్టపడాల్సి వచ్చినా, ఆ పేరు చెప్పగానే అది దొరికిన కొండ, ఆ కొండకు తెలిసిన కథ రెండూ గుర్తుకొస్తాయి. పేరు చేయగలిగిన పనిలో ఇది తక్కువేమీ కాదు.

తెలుగు నేల మీద దొరికిన శిలాజాల పేర్లలో ఈ రెండు పద్ధతులూ కలిసే కనపడతాయి. కృష్ణా డెల్టా మట్టిలో ఇలాంటివి వెతకడం దండగ. నది తెచ్చిపోసిన ఆ ఒండ్రు వయసు వేల ఏళ్లలోనే ఉంటుంది. కోట్ల ఏళ్ల నాటి రాళ్లు కావాలంటే ప్రాణహిత-గోదావరి లోయకు వెళ్లాలి. ఆసిఫాబాద్ ప్రాంతంలోని మాలేరి అనే పల్లె పేరుతో పిలిచే ఎర్రమట్టి పొరలు పోపో ఏజీ రాళ్లకు దాదాపు సమకాలీనాలు. 19వ శతాబ్దంలోనే స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ అక్కడి శిలాజాలను సేకరించాడు; ఊపిరితిత్తుల చేప పంటి పలకలకు 1859లో అతని పేరే పెట్టారు. 1950ల చివర్లో కలకత్తాలోని భారత గణాంక సంస్థ వ్యవస్థాపకుడు మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ నుంచి వచ్చిన శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ ఆ సంస్థలో భూగర్భ పరిశోధన విభాగానికి పునాది వేసింది. ఆ విభాగంవాళ్లే మాలేరి పొరలను అంగుళం అంగుళం గాలించారు.

అక్కడ దొరికిన ఉభయచరాల్లో ముఖ్యమైనదానికి 1965లో రాయ్ చౌధురి ‘మెటపోసారస్ మాలేరియెన్సిస్’ అని పేరు పెట్టాడు. 2018లో చక్రవర్తి, సేన్‌గుప్తా దాని ప్రజాతిని మార్చి పాంథసారస్ అన్నారు. పల్లె పేరు మాత్రం అలాగే నిలిచింది. ఇది బొరియ జీవి అని నిరూపించే ఆధారం లేదు. బల్లపరుపు తల, పైకి చూసే కళ్లు, మడుగు అడుగున పొంచి ఉండి చేపలను పట్టే శరీరం దానిది. నినుంబీహాన్‌కు ఇది టెమ్నోస్పాండిల్ సమూహంలో దూరపు బంధువు. అయితే పాంథసారస్ ఎముకలను పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే వేగంగా ఎదిగిన పొర, నెమ్మదిగా ఎదిగిన పొర ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. అంటే మాలేరి మడుగుల్లోనూ మంచి రోజులు, గడ్డు రోజులు వంతులవారీగా వచ్చేవి. మాలేరి పొరల్లోనే దొరికిన మరో ఉభయచరానికి 1995లో ‘కుట్టిసెఫాలస్’ అని పేరు వచ్చింది. గణాంక సంస్థలో దశాబ్దాలపాటు శిలాజాలు సేకరించిన టి.ఎస్. కుట్టి గౌరవార్థం పెట్టినది అది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో అస్థిపంజరంగా నిలబడ్డ డైనోసార్ పేరు ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’. అందులో కోట, యామన్‌పల్లి రెండూ స్థల నామాలే. ఊరి పేర్లు శాస్త్రంలోకి వెళ్లాయి గానీ, ఆ ఊళ్ల కథల్లోని మాటేదీ వీటిలో లేదు. షోషోనీ పేరు ఆ మేరకు ఒక అడుగు ముందుకు వేసింది.

నినుంబీహాన్‌కు సమీప బంధువు కొలరాడోలో దొరికింది. చిన్లెస్టెగోఫిస్ జెంకిన్సీ అనే ఆ జీవి కూడా బొరియల్లోనే శిలాజమైంది; దాన్ని 2017లో వర్ణించారు. దాన్ని ఆధారం చేసుకుని జేసన్ పార్డో బృందం ఒక కొత్త ప్రతిపాదన చేసింది. నేడు బతికున్న ఉభయచరాలు మూడు రకాలు: కప్పలు, సాలమాండర్లు, కాళ్లు లేకుండా వానపాములా కనిపించే సిసీలియన్లు. ఈ సిసీలియన్ల వంశం ట్రయాసిక్ నాటి ఇలాంటి బొరియ జీవుల్లోంచే వచ్చిందని వారి వాదన. ఈ మాట అందరూ ఒప్పుకోలేదు. 2023లో అరిజోనా నుంచి ‘ఫంకస్‌వెర్మిస్’ అనే 22 కోట్ల ఏళ్ల నాటి సిసీలియన్ దవడలను ప్రకటించినవారు, సిసీలియన్లు కప్పలకు, సాలమాండర్లకు దగ్గరి చుట్టాలేనన్నారు. 1972 నాటి ఒక అమెరికన్ పాటలోని వానపాము ఈ పేరుకు ప్రేరణ, కాబట్టి నామకరణంలో సరదాకు కూడా చోటుంది. ఈ వరుసలో అందరికంటే ముందు పేరు పొందింది ఇయోసిసీలియా మైక్రోపోడియా. 1993లో వర్ణించిన ఆ జురాసిక్ జీవికి ఇంకా బుల్లి కాళ్లుండేవి. పేరులోని రెండో మాటకు అర్థం అదే. మట్టిలో బతుకుతూ కాళ్లు ఎలా చిక్కిపోయాయో అందులో కనిపిస్తుంది. నినుంబీహాన్ బలహీనమైన ముందు కాళ్లను చూసినప్పుడు శాస్త్రవేత్తలకు ఆ వరుస గుర్తుకు రావడం సహజం, కానీ బొరియల్లో బతికే జీవులకు కాళ్లు చిక్కడం వేర్వేరు వంశాల్లో విడివిడిగా కూడా జరిగింది. పాములు, కాళ్లు లేని బల్లులు అందుకు సాక్ష్యం. కాబట్టి ఒక్క కాళ్లను పట్టుకుని చుట్టరికం కలపడం తొందరపాటు అవుతుంది.

బురదలో దాక్కునే విద్య ఎంత పాతదైనా దానికి హద్దుంది. వాన ఎప్పుడో ఒకప్పుడు వస్తుందన్న నమ్మకం మీదే ఆ నిద్ర నడుస్తుంది. నిల్వ ఉన్న కొవ్వు, ఒంట్లోని నీరు కొన్ని నెలలకు సరిపోతాయి. కరువు అంతకుమించి సాగితే బొరియే సమాధి. 2023లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ప్రపంచవ్యాప్త మదింపు ప్రకారం ఉభయచర జాతుల్లో 40.7 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత ప్రమాదంలో ఉన్న తరగతి మరొకటి లేదు. ఆవాసాలు పోవడం, చర్మానికి సోకే బూజు తెగులు పాత కారణాలు. వాతావరణ మార్పు ఇటీవల వాటిని మించిపోతోంది.

ఇందాక చెప్పుకున్న, బొరియల్లో బతికే సిసీలియన్లు మన దేశంలోనూ ఉన్నాయి, ఎక్కువగా పడమటి కనుమల్లో. చూసినవారు వాటిని పెద్ద వానపాములనో గుడ్డి పాములనో అనుకుంటారు. ఒంటి చుట్టూ ఉంగరాల్లాంటి మడతలు, జిగురు చర్మం, దవడల్లో పళ్లు చూస్తే తేడా తెలుస్తుంది. తూర్పు కనుమల్లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ కొండల మీద సుమారు 1,200 మీటర్ల ఎత్తున దొరికిన ఒక జాతిని 2013లో వర్ణించి ‘గెజీనియోఫిస్ ఓరియంటాలిస్’ అని పేరు పెట్టారు. ఓరియంటాలిస్ అంటే తూర్పుది. ద్వీపకల్పంలో గోదావరికి ఉత్తరాన సిసీలియన్ నమోదు కావడం అదే మొదలు.